పెరగొద్దన్న సొమ్ము

మనామాలో ఒక ఇస్లామిక్ బ్యాంకు రెండో అంతస్తులో, ఫిర్యాదుల బల్ల వెనక కూర్చుని నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మాది జగిత్యాల. తెలుగు మీడియంలో చదువుకుని, ఇంట్లో ఉర్దూ మాట్లాడి, అరబ్బీలో పని చేసిన మనిషిని. సెలవుకు ఇంటికి వెళితే "దుబాయిల నీదేం పని రహీం?" అని అడిగేవాళ్ళు. బహ్రెయిన్ వేరు, దుబాయి వేరు అని చెప్పడం మొదటి సెలవులోనే మానేశాను. బ్యాంకు అనగానే రోజంతా నోట్లు లెక్కపెడతానని అనుకునేవాళ్ళు. నిజానికి నా బల్ల మీదికి నోటు వచ్చిందే లేదు. వచ్చినవాళ్ళంతా ఒకే మాట పట్టుకుని వచ్చేవాళ్ళు. నా డబ్బు మీ చేతిలో పెట్టాను, దానికి మీరు పూచీయా, కాదా?

రిటైరయ్యాక కూడా బుసైతీన్‌లోనే ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే స్కూల్లో టీచరు. ఇస్లామిక్ ఫైనాన్సులో కోర్సులు చేసి ఉద్యోగాల కోసం వస్తున్న మన పిల్లలు సాయంత్రం పూట చాయ్ హోటల్లో నన్ను పట్టుకుంటారు. "ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అంకుల్?" అంటారు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో నాకు తెలియదు. ఉద్యోగంలో ఏమడుగుతారో తెలుసు. అదే రాస్తున్నాను. పదోన్నతుల సంగతులు, సర్క్యులర్ల సంగతులు ఇందులో ఉండవు. వాటి కోసమైతే ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోవచ్చు.

చేబదులు, పాలు

బ్యాంకులో వేసిన డబ్బుకు బ్యాంకే బాధ్యత అని అందరూ అనుకుంటారు. మా దగ్గర అది సగమే నిజం. ఆ సగం ఏదో తెలియక ఏడ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

కరెంట్ ఖాతాలో వేసిన డబ్బు కస్టమరు మాకిచ్చిన చేబదులు. చేబదులు తీసుకున్నవాడు తన వ్యాపారం మునిగినా, తేలినా అడిగిన రోజున మొత్తం ఇచ్చి తీరాలి. దాని మీద లాభం ఇవ్వనక్కర్లేదు, నష్టం చూపించే హక్కూ లేదు. పెట్టుబడి ఖాతా అలా కాదు. అది పొలాన్ని పాలుకివ్వడం లాంటిది. సొమ్ము కస్టమరుది, కష్టం బ్యాంకుది. పండితే ముందు అనుకున్న ప్రకారం పంచుకుంటారు. ఎండితే సొమ్ము పెట్టినవాడికి సొమ్ము పోతుంది, కష్టపడ్డవాడికి కష్టం పోతుంది. బ్యాంకు కూలిపోతే కాపాడే ప్రభుత్వ పథకం ఒకటి ఉంది గాని, దాని సంగతి వేరు. నేను చెప్పేది బ్యాంకు నిలబడే ఉండి, పెట్టుబడి ఎండిపోయినప్పటి మాట.

అయితే పాలుకు తీసుకున్నవాడు ఎప్పుడూ చేతులు దులుపుకోలేడు. వాడు హద్దు మీరినా, అజాగ్రత్తగా ఉన్నా, సొమ్ము ఇచ్చినవాడు పెట్టిన షరతు తప్పినా నష్టమంతా వాడి నెత్తినే పడుతుంది. అప్పుడు బ్యాంకు జామీను, అంటే పూచీదారు, అవుతుంది. నా ఉద్యోగమంతా ఈ మూడింటి చుట్టూ తిరిగిందే. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు వెతకాల్సింది బ్యాంకు వీటిలో ఏదైనా చేసిందా అని. పుస్తకంలో ఇది ఒక పేజీ కూడా ఉండదు. బల్ల దగ్గర మాత్రం రోజుకో మనిషి మొహంతో వస్తుంది.

ఇదంతా నాకు నేర్పింది ఉస్తాద్ ఇద్రీస్. మా న్యాయ విభాగానికి పెద్ద. సూడాన్ మనిషి, ఆరడుగుల పైన ఎత్తు, గొంతు మాత్రం పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా ఉండేది. కస్టమరుకు ఏదైనా వివరించి చెప్పాక నేను లేవబోతే కూర్చోబెట్టేవాడు. "నువ్వు చెప్పావు, సరే. ఇప్పుడు ఆయన్ని చెప్పమను. ఆయన నోటితో, ఆయన భాషలో. అది విన్నాక లే." మొదట్లో నాకు ఇది చిన్నపిల్లలకు పాఠం అప్పజెప్పించుకున్నట్టు చాదస్తంగా అనిపించేది. పైగా క్యూలో జనం గొణుక్కునేవాళ్ళు. ఉస్తాద్ మాత్రం వదిలేవాడు కాదు.

అవాలిలో చాయ్

చట్టం మన వైపు ఉన్నప్పుడు ఎలా ఉండాలో కూడా ఆయనే నేర్పాడు. అవాలిలో హసన్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. నూనె కంపెనీలో ఫిట్టరుగా పని చేసి రిటైరైన బహ్రెయినీ. చేతికొచ్చిన డబ్బులో కొంత తీసుకొచ్చి మా బ్యాంకు పెట్టుబడి ఖాతాలో తానే కోరి పెట్టాడు. నష్టం రావచ్చని చెప్పాం, తిరిగి అప్పజెప్పించుకున్నాం, ఒప్పుకున్నాడు. చివరికి నష్టం వచ్చింది. పెద్ద నష్టమేమీ కాదు, కానీ ఆయనకది పెద్దదే. నేను తవ్వి చూశాను. హద్దు మీరింది లేదు, అజాగ్రత్త లేదు, షరతు తప్పింది లేదు. బ్యాంకుకు బాధ్యత లేదని రాశాను.

ఉస్తాద్ చదివి తల ఊపాడు. "తీర్పు సరిగానే ఉంది. ఇప్పుడు దీన్ని పోస్టులో పంపకు. నువ్వే వెళ్ళి చెప్పు. చాయ్ ఇస్తే తాగు. తిడితే వినిపించుకో." అవాలి దాకా వెళ్ళాను. ఆయన తిట్టలేదు. ముంగిట్లో కుర్చీ వేసి, చాయ్ పోసి, ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత, లాభం వచ్చినప్పుడల్లా బ్యాంకు పిల్లలు ఫోన్ చేసి ముబారక్ చెప్పేవారని, నష్టం వచ్చినప్పుడు మాత్రం ఫోనుకు మెసేజీ ఒక్కటే వచ్చిందని అన్నాడు. నాకు సిగ్గేసింది. చట్టప్రకారం ఆయనకు మేము ఏమీ బాకీ లేం. అయినా ఆ చాయ్ చివరి చుక్కదాకా తాగి గాని లేవలేదు. పిల్లలూ, న్యాయం మీ వైపు ఉన్న రోజున కూడా మనిషి ఇంటికి వెళ్ళి చెప్పడం నేర్చుకోండి. ఆ ఒక్క అలవాటు లేనివాడు ఎంత చదివినా ఈ ఉద్యోగానికి పనికిరాడని నా నమ్మకం.

తీపి అలవాటు

ఇక్కడ మా బ్యాంకుల గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. పెట్టుబడి ఖాతాలో లాభం ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ రావాలి కదా. కస్టమర్లు అది తట్టుకోలేరు, పక్క బ్యాంకుకు పోతారు. అందుకని మంచి ఏడాదిలో కొంత పక్కన పెట్టి, చెడ్డ ఏడాదిలో దాంట్లోంచి కలిపి, లాభం ఎప్పుడూ ఒకేలా కనపడేట్టు చేసేవాళ్ళు. ఇది తప్పేమీ కాదు, నియమాల్లో ఉన్నదే. కానీ ఏళ్ల తరబడి అలా చేస్తే ఏమవుతుంది? ఆ ఖాతాలో నష్టం కూడా ఉంటుందని కస్టమర్లు మరిచిపోయారు. వాళ్ళనని ఏం లాభం, కౌంటరులో కూర్చున్నవాళ్ళే మరిచిపోయారు. చేబదులు ఖాతా, పాలు ఖాతా రెండూ ఒకటేనని, రెండోదానిలో కాస్త తీపి ఎక్కువని అనుకోవడం మొదలుపెట్టారు.

అలా అనుకున్నవాళ్ళలో యూసుఫ్ ఒకడు. ముహర్రక్ బ్రాంచి మేనేజరు. అతనంత మంచివాడు మా బ్యాంకులో లేడని అందరూ అనేవాళ్ళు. నేనూ అంటాను. కూలిపని చేసే మనవాళ్ళు బ్రాంచికి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి, గల్ఫ్ హిందీలో జోకులేసి నవ్వించేవాడు. ఈ కథలో చెడ్డవాడెవరని వెతికితే మీకు దొరకడు. నాకూ దొరకలేదు.

మిత్తి లేని బ్యాంకు

ఒకరోజు నా బల్ల ముందు ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. కంపెనీ చొక్కా, చేతిలో హెల్మెట్, డ్యూటీ మధ్యలో పర్మిషన్ తీసుకుని వచ్చినట్టున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మీరు తెలుగోళ్ళంట గద భాయ్ సాబ్?" అన్నాడు. ఔనన్నాక గాని కుర్చీ లాక్కోలేదు.

పేరు లింబాద్రి. నిజామాబాద్ జిల్లా వాడు. అమ్వాజ్ దీవుల్లో అపార్టుమెంట్ల మెయింటెనెన్సులో ఫోర్‌మన్. వాళ్ళ లేబర్ క్యాంపులో ఉన్నవాళ్ళంతా చుట్టుపక్కల మండలాల వాళ్ళే. వాళ్ళకో పద్ధతి ఉంది. జీతం పడ్డాక వచ్చే శుక్రవారం మెస్సులో అందరూ తలా ఒక దీనారు లింబాద్రి చేతిలో పెడతారు. క్యాంపులో ఎవరైనా చనిపోతే ఆ సొమ్ము శవంతో పాటే ఇంటికి చేరాలి. కంపెనీ ఇచ్చేది ఎప్పుడిస్తుందో, ఎంతిస్తుందో దేవుడికే తెలియాలి. ఇది మాత్రం శవపెట్టె దిగేసరికి భార్య చేతిలో ఉండాలి. అదీ వాళ్ళ మాట.

ఆ సొమ్ముకు ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అది పెరగకూడదు. దాన్ని మిత్తికి, అంటే వడ్డీకి, తిప్పకూడదు, బ్యాంకు మిత్తి కూడా తగలకూడదు. "సావు పైసల మీద మిత్తి తింటే ఇంకోడు ఎప్పుడు సస్తడా అని సూసినట్టే భాయ్ సాబ్" అన్నాడు లింబాద్రి. అందుకే వెతికి వెతికి మా బ్యాంకుకు వచ్చారు. ఇస్లాం బ్యాంకులో మిత్తి ఉండదని ఎవరో చెప్పారు. మిత్తి లేదంటే పెట్టిన సొమ్ము పెట్టెలో పెట్టినట్టు కదలకుండా ఉంటుందని వాళ్ళ లెక్క. మా ముస్లింలలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. మిత్తి లేకపోవడం వేరు, నష్టం లేకపోవడం వేరు అని ఎవరూ వాళ్ళకు విడమరచి చెప్పలేదు.

ముందు లింబాద్రి పేరు మీద కరెంట్ ఖాతా తెరిచారు. నెలనెలా ముహర్రక్ బ్రాంచికి వచ్చి వేసిపోయేవాడు. యూసుఫ్ కొన్నాళ్ళు చూశాడు. పాపం కష్టజీవుల సొమ్ము ఊరికే పడి ఉంది కదా, హలాల్ లాభం వస్తే వాళ్ళకే మేలు అనుకున్నాడు. ఒకరోజు లింబాద్రికి చాయ్ ఇచ్చి, మంచి ఖాతాలోకి మారుస్తానని చెప్పి, సంతకాలు పెట్టించాడు. లింబాద్రి పెట్టాడు. యూసుఫ్ సార్ పెట్టమంటే పెట్టనివాళ్ళు ఆ బ్రాంచిలో ఎవరున్నారు? ఆ తర్వాత ఫోనుకు ఇంగ్లీషులో మెసేజీలు వచ్చేవి. లింబాద్రి వాటిని కంపెనీ ప్రకటనలతో పాటే చూసి వదిలేశాడు.

ఆ మంచి ఖాతా, అంటే పెట్టుబడి ఖాతా, ఒక భవనం కట్టే వ్యాపారంతో ముడిపడి ఉంది. పని మధ్యలో ఆగిపోయింది. సొమ్ములో కొంత పోయింది, మిగిలింది ఇప్పుడప్పుడే బయటికి రాదు. సరిగ్గా ఆ సమయంలో క్యాంపులో స్వామి అనే కుర్రవాడు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి పడుకుని, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఊళ్ళో భార్య, చిన్నపిల్ల. లింబాద్రి బ్యాంకుకు పరుగెత్తాడు. ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాడు.

పెట్టె వెళ్ళిపోయింది. సొమ్ము వెళ్ళలేదు. స్వామి చిన్నాన్న కొడుకు నర్సయ్య కూడా అదే క్యాంపు. మెస్సులో అందరి ముందూ లింబాద్రి పళ్ళెం పక్కకు లాగి, సచ్చినోని పైసలు తిన్నోనికి మళ్ళా కూడెందుకు అన్నాడట. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇది చెప్పేటప్పుడు లింబాద్రి నా వైపు చూడలేదు, హెల్మెట్ వైపు చూశాడు.

"నేను తినలే భాయ్ సాబ్. తిన్నననుకుంటున్రు. ఊరికి పోను గూడ మొఖం లేదు. ఊర్ల గూడ గదే అంటున్రంట."

క్యాంపులో ఉన్నదీ వాళ్ళే, ఊరి బస్సులో పక్క సీట్లో కూర్చునేదీ వాళ్ళే. ఇక్కడ పోయిన పేరు అక్కడ దొరకదు. ఆయన భార్యతో బీడీల కార్ఖానా దగ్గర ఎవరూ పలకడం లేదట. డబ్బు సంగతి సరే, ఈ మనిషి పేరు ఎలా తిరిగి తేవడం అన్నదే నాకు ఆ రోజు నుంచి పట్టుకుంది.

ఖైరాత్ ఖాతా

కాగితాల ప్రకారం బ్యాంకుకు ఏ చిక్కూ లేదు. సంతకాలున్నాయి. నష్టం రావచ్చన్న మాట అరబ్బీలో, ఇంగ్లీషులో అచ్చయి ఉంది. అవాలి హసన్ విషయంలో రాసిన నాలుగు వాక్యాలే పేరు మార్చి ఇక్కడా రాయవచ్చు. నాకు రాయబుద్ధి కాలేదు. హసన్ తానే కోరి పొలాన్ని పాలుకిచ్చాడు. లింబాద్రి విత్తనాలు దాచమని ఇచ్చాడు, మేము తీసుకెళ్ళి పొలంలో చల్లాం.

ఉస్తాద్ ఇద్రీస్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన విని, కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. ఆ తర్వాత ఒక దారి చూపించాడు. ప్రతి ఇస్లామిక్ బ్యాంకులోనూ ఖైరాత్ ఖాతా అని ఒకటి ఉంటుంది. ఆలస్యం రుసుముల లాంటివి, బ్యాంకు తన లాభంగా తీసుకోకూడని డబ్బు అందులో చేరుతుంది, దాన్ని దానధర్మాలకే వాడాలి. అందులోంచి స్వామి కుటుంబానికి లోటంతా ఇచ్చేద్దాం అన్నాడు. విచారణ ఉండదు, తప్పెవరిదన్న ప్రశ్న రాదు, యూసుఫ్ ఉద్యోగానికి ముప్పు రాదు. ఆ పిల్ల తల్లికి డబ్బు ముడుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నా గుండె తేలికైంది. ఉస్తాద్ దయగల మనిషి, యూసుఫ్ పిల్లలు కూడా ఆయన కళ్ళ ముందు తిరిగిన పిల్లలే. సాయంత్రం డ్యూటీ దిగే వేళకు అమ్వాజ్ వెళ్ళి, వంతెన పక్కన లింబాద్రిని కలిసి శుభవార్తే తెచ్చాననుకుని చెప్పాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన హెల్మెట్ తీసి వంతెన గోడ మీద పెట్టాడు.

"స్వామి పెండ్లానికి ముడితే నాకు సంతోషమే భాయ్ సాబ్. కని నా సంగతేంది? దానం జేసిన్రంటే బ్యాంకు తప్పు లేనట్టే గద. మరి పైసలెటు పోయినయ్ అంటరు. దొరికిండు గాబట్టి ఎవ్వల కాళ్ళో పట్టుకొని తెచ్చిపెట్టిండు అంటరు."

నేను చదివిన చదువులో ఈ ముక్క లేదు. దానంగా ఇచ్చినా బాధ్యతగా ఇచ్చినా దీనార్లు అవే, వెళ్ళే ఇల్లు అదే అనుకునేవాణ్ణి. దానం చేస్తే బ్యాంకుకు పుణ్యం దక్కుతుంది, లింబాద్రి దొంగగానే మిగిలిపోతాడు. బాధ్యత ఒప్పుకుంటేనే తప్పు ఎక్కడ జరిగిందో బయటపడుతుంది. మర్నాడు ఉస్తాద్‌కు ఇదే చెప్పాను. ఆయన మాటకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన కోప్పడలేదు. "యూసుఫ్‌ను కాపాడటానికి ఇంకో మనిషిని అమ్మబోయాను" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. విషయాన్ని షరియా మండలికి పంపాడు. బ్యాంకు చేసే ప్రతి వ్యవహారం మత నియమం ప్రకారం ఉందో లేదో తేల్చే పండితుల మండలి అది. వాళ్ళ మాట మా పెద్దవాళ్ళందరి మాట కంటే పైన.

షేక్ అడిగింది

మండలి పెద్ద షేక్ వయసు మీదపడ్డ మనిషి. సమావేశానికి ఉస్తాద్, నేను, యూసుఫ్ వెళ్ళాం. బ్యాంకు తరఫు వకీలు సంతకాలు చూపించాడు, షరతులు చదివి వినిపించాడు. లింబాద్రి ఏమన్నాడో నేను చెప్పబోతే నువ్వు అక్కడ ఉన్నావా అని ఆ వకీలే అడిగాడు. లేనన్నాను. ఉన్నది యూసుఫ్ ఒక్కడే.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. యూసుఫ్ తలచుకుంటే ఆ రోజు చాలా సులువుగా బయటపడేవాడు. అన్నీ వివరించాను, ఆయన ఒప్పుకున్నాడు అంటే చాలు, సంతకం అతని వైపే ఉంది. సమావేశానికి ముందు నేను అతని దగ్గరికి వెళ్ళాను. ఇలా చెప్పు, అలా చెప్పు అనలేదు. మెస్సులో పళ్ళెం లాగిన సంగతి మాత్రం చెప్పి వచ్చాను. అతను తాగబోతున్న చాయ్ కప్పు పక్కన పెట్టేశాడు.

షేక్ సంతకాల వైపు చూడలేదు. యూసుఫ్‌ను అడిగాడు.

"ఆ మనిషి నిన్ను లాభం అడిగాడా?"

యూసుఫ్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు షేక్. ఉండాలి, అంతే అన్నాడు. నెలనెలా అదే మాట అనేవాడు. నాకు నవ్వొచ్చేది. అతనికి తెలియదులే, మేలు చేద్దాం అనుకున్నాను."

షేక్ ఆ మాటలను అలాగే రాయమన్నాడు. ఇచ్చినవాడు ఏమని ఇచ్చాడో తెలిసి కూడా వేరే దారిన పెట్టారు, అర్థం కాని సంతకం ఆ మాటను చెరపలేదు, కాబట్టి బ్యాంకు జామీను అని తేల్చాడు. పోయినది, ఇరుక్కుపోయినది అంతా బ్యాంకు తన సొంత సొమ్ములోంచి, అంటే వాటాదారుల జేబులోంచి ఇవ్వాలన్నాడు. ఖైరాత్ ఖాతా తాకకూడదు, మిగతా కస్టమర్ల లాభం తాకకూడదు. చివర్లో యూసుఫ్ వైపు తిరిగి, మేలు చేసే ముందు అవతలివాణ్ణి అడగడం కూడా మేలులో భాగమే నాయనా అన్నాడు. అది మందలింపో ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియదు.

యూసుఫ్ ఉద్యోగం పోలేదు. వార్నింగ్ ఇచ్చారు, బోనస్ ఆపారు. స్వామి భార్యకు సొమ్మంతా ముట్టింది. అంతకు ముందు ఖాతాలో పడిన లాభం ఉంది కదా, అది ఏం చేయమంటావని లింబాద్రిని అడిగాను. తీసుకోనన్నాడు. అది ఖైరాత్ ఖాతాకే పోయింది.

నా పని అక్కడితో అయిపోయినట్టే. ఫైలు మూసేయవచ్చు. కానీ తీర్పు అరబ్బీలో ఉంది, మా బ్యాంకు అల్మారాలో ఉంది. మెస్సులో ఉన్నవాళ్ళకు అది ఎలా తెలియాలి? నేను వెళ్ళి చెబుదామనుకున్నాను. తనకు తెలిసినవాడని వెనకేసుకొచ్చాడు అంటారని లింబాద్రే వద్దన్నాడు. ఈ సంగతి యూసుఫ్‌తో మాటవరసకి అన్నాను. అతను క్యాంపులో జీతాలెప్పుడు పడతాయని మాత్రం అడిగాడు.

శుక్రవారం

జీతాలు పడ్డాక వచ్చిన శుక్రవారం నమాజు కాగానే యూసుఫ్ కారేసుకుని మా ఇంటి ముందు హారన్ కొట్టాడు. తెల్లటి పొడుగు తోబ్, తలకు గుత్రా గుడ్డ, పండక్కి వెళ్ళే మనిషిలా ఉన్నాడు. "యల్లా, పద రహీం, క్యాంపుకు దారి చూపించు" అన్నాడు. దారిపొడుగునా చెప్పాల్సిన హిందీ మాటలు తనలో తాను కూడబలుక్కుంటూనే ఉన్నాడు. మామూలుగా మాటల కోసం తడుముకునే మనిషి కాదు.

మెస్సులో అందరూ భోజనాలకు కూర్చుని ఉన్నారు. బ్యాంకు మేనేజరు, అందులోనూ అరబ్బు మనిషి క్యాంపు మెస్సులోకి రావడం వాళ్ళెప్పుడూ చూడలేదు. కొందరు లేచి నిలబడ్డారు. ఎవరినో పట్టుకుపోవడానికి వచ్చాడనుకున్నారేమో, ఒకరిద్దరు లింబాద్రి వైపు చూశారు కూడా. ఆయన మూలన ఒక్కడే కూర్చుని తింటున్నాడు.

యూసుఫ్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. వచ్చిన గల్ఫ్ హిందీలోనే చెప్పాడు. ఈ మనిషి మీ సొమ్ము ఉండాలి, అంతే అని నా చేతికిచ్చాడు, నేనే తీసుకెళ్ళి వేరే చోట పెట్టాను, అతనికి అర్థమయ్యేట్టు చెప్పలేదు, పోయింది నా వల్ల పోయింది, బ్యాంకు ఇచ్చింది కూడా దానం కాదు, మా తప్పుకు మేము కట్టింది. చివరికి ఇంకేం చెప్పాలో తెలియక, "గల్తీ మేరా. లింబాద్రి కా నహీ. ఖలాస్" అని ఆగిపోయాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అందరూ నర్సయ్య వైపు చూశారు. అతను తల దించుకుని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు. తర్వాత లేచి, చేయి కడుక్కుని, జేబులోంచి దీనారు నోటు తీసి లింబాద్రి ముందు నిలబడ్డాడు.

"మామా, పట్టు. ఈ నెలది."

లింబాద్రి ఎంగిలి చేయి అలాగే పెట్టుకుని, ఎడమ చేత్తో తీసుకోవచ్చా కూడదా అని ఒక క్షణం తికమకపడి, అలా ఎంగిలి చేత్తోనే అందుకున్నాడు. వెనకే ఒక్కొక్కరుగా లేచారు. యూసుఫ్ కూడా జేబులో చేయి పెట్టి ఒక నోటు తీశాడు. లింబాద్రి అడ్డంగా తల ఊపాడు.

"మీది ఒద్దు సార్. తీస్కుంటే రేపు మీకేమన్నయితే మేం ఇయ్యాలె. మీ పెట్టె మా తోని కాదు."

నేను దాన్ని హిందీలో చెప్పాక యూసుఫ్ నవ్వాడు. మెస్సంతా నవ్వింది. స్వామి పోయాక ఆ మెస్సులో నవ్వు వినపడటం అదే మొదలని నర్సయ్య నాతో తర్వాత చెప్పాడు.

ఆదివారం బ్యాంకు తెరవగానే లింబాద్రి ముహర్రక్ బ్రాంచికి వచ్చాడు. ఈసారి వెంట నర్సయ్యను తెచ్చుకున్నాడు. ఖాతా ఇద్దరి పేర్ల మీద పెట్టమని సలహా ఇచ్చింది నేనే, అందుకని నేనూ వెళ్ళాను. యూసుఫ్ వాళ్ళను కూర్చోబెట్టాడు. చాయ్ తెప్పించాడు. కరెంట్ ఖాతా అంటే ఏమిటో, అది బ్యాంకుకు మీరిచ్చిన చేబదులు ఎలా అవుతుందో నిదానంగా హిందీలో చెప్పాడు. చెప్పి, ఉస్తాద్ ఇద్రీస్ నా చేత చేయించినట్టే, "ఇప్పుడు నువ్వు చెప్పు. మీ భాషలో చెప్పు" అన్నాడు.

లింబాద్రి నా వైపు చూసి, మళ్ళీ యూసుఫ్ వైపు చూసి చెప్పాడు.

"పెరుగొద్దు, తరుగొద్దు. అడిగిన దినం మొత్తం ఇయ్యాలె. ఉండాలె సార్, గంతే."

యూసుఫ్‌కు తెలుగు రాదు. నేను హిందీలో చెప్పబోతే చేత్తో ఆపి, లింబాద్రిని మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. రెండోసారి కూడా చివరిదాకా విని, అప్పుడు సంతకం పెట్టడానికి కలం అందించాడు.